జేరా వేరు, నిలదీయడం వేరు

మా ఇంట్లో ‘జేరా’ తెలుగు మాటే. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నాకు అది ఒడియా మాట అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆలస్యంగా ఇంటికొస్తే నాన్న జేరా చేసేవారు. మార్కులు తగ్గితే జేరా. చుట్టం ఎవరైనా వచ్చి జీతమెంత, పెళ్ళెప్పుడు అని వరసపెట్టి అడిగితే, వాళ్ళు వెళ్ళాక అమ్మ “ఏటా జేరా, పోలీసుల్లాగ” అని విసుక్కునేది.

మొన్న సంక్రాంతికి విశాఖ నుంచి మేనకోడలు వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. అమ్మ నోట ఆ మాట విని “జేరా అంటే ఏంటి మామయ్యా?” అంది. నేను తడుముకోకుండా “నిలదీయడం” అన్నాను. అమ్మ వంటింట్లోంచే “కాదురా” అంది. “రెండూ ఒకటేలాగైతాయి?” అంది. అంతకు మించి వివరించలేదు, పప్పులో పోపు వేసే పనిలో పడిపోయింది. అయినా ఆ “కాదురా” నన్ను వదల్లేదు. ఈ మాటల గురించి నాకంటే అమ్మకే ఎక్కువ తెలుసు. ఆమె ఒకటి పడింది, ఒకటి చేసింది.

పడిందే ముందు చెప్తాను.

2011లో మా వీధిలో రెండు కుటుంబాల మధ్య తగాదా వచ్చి, ఒకాయన తల పగిలింది. అమ్మ అరుగు మీద బియ్యం ఏరుతూ కూర్చుని మొత్తం చూసింది. పోలీసులు వచ్చి అడిగితే చూసింది చూసినట్టు చెప్పింది. రెండేళ్ళ తర్వాత సాక్ష్యానికి సమన్లు వచ్చాయి. మొదట ప్రభుత్వ వకీలు అడిగినవి పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత అవతలి పక్షం వకీలు లేచారు. దాదాపు రెండు గంటలు. అమ్మకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు. బోనులో నిలబడే ఉంది.

అరుగుకీ గొడవ జరిగిన చోటుకీ ఎన్ని అడుగులు? కొలిచారా? కొలవకుండా ఎలా చెప్తున్నారు? కళ్ళద్దాలు ఎప్పటి నుంచి పెట్టుకుంటున్నారు? ఆ రోజు పెట్టుకున్నారా? బియ్యం ఏరుతుంటే కళ్ళు చేట మీద ఉంటాయా, వీధిలో ఉంటాయా? అక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు. అడగవలసినవే. ఆ తర్వాత కర్ర దగ్గరికి వచ్చారు. “పోలీసులకు లాఠీ అని చెప్పారు. ఇక్కడ బాడి అంటున్నారు. ఏది నిజం?” అమ్మ పోలీసులకు చెప్పింది దుడ్డుకర్ర అని. రాసుకున్నాయన ఒడియాలో లాఠీ అని రాసుకున్నారు. కోర్టులో అందరికీ అర్థం కావాలని అమ్మ తనకొచ్చిన ఒడియాలో బాడి అంది. ఒకే కర్రకు మూడు పేర్లు. ఆ మూడు పేర్ల మధ్య అమ్మను అటూ ఇటూ తిప్పారు. పోలీసులు రాసుకున్న ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు. తీసుకోకూడదని చట్టమే చెప్తుంది. తన పేరుతో ఏం రాశారో అమ్మ ఎప్పుడూ చదవలేదు, చదివి వినిపించిన వాళ్ళూ లేరు.

చివర్న అడిగింది ఇది: “మీ పుట్టిల్లు పాతపట్నం కదా? మీది ఆంధ్రా కదా? వాళ్ళు ఒడియాలో తిట్టుకుంటే మీకెలా అర్థమైంది?”

పాతపట్నం మాకు పరాయి దేశం కాదు. మా ఊరి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో దిగుతాం. అమ్మ పెళ్ళై వచ్చి అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. కూరలు ఒడియాలోనే బేరమాడుతుంది, పక్కింటి వాళ్ళతో ఒడియాలోనే మాట్లాడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గీసిన గీత ఆమె పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య పడింది. ఆ గీత పడ్డ నాటికి ఆమె ఇంకా పుట్టనే లేదు. కోర్టులో అందరి ముందూ ఆ గీత ఆమె తప్పైపోయింది. జడ్జిగారు ఆ ప్రశ్న దగ్గర ఒకసారి ఆపారు, ఆ మాట కూడా చెప్పాలి. ఆపేసరికే అది అమ్మకు తగలవలసిన చోట తగిలింది.

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. “తూసింది సెప్పాను. తూసానా లేదా అని నాకే అనుమానం వొచ్చీలాగ సేసినాడు” అంది. అబద్ధం బయటపడితే బాధపడేవాళ్ళు ఉంటారు. నిజం చెప్పి, తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయి బాధపడటం నేను అప్పుడే చూశాను.

జేరా అనే మాట ఎక్కడిదా అని వెతికితే చాలా దూరం పోవలసి వచ్చింది. ఒడియాలో, బెంగాలీలో జేరా. హిందీ, ఉర్దూల్లో జిరహ్. కోర్టులో ఎదుటి పక్షం సాక్షిని అడ్డు ప్రశ్నలు వేసి పరీక్షించడం అని అర్థం. మూలం అరబీ మాట ‘జర్హ్’. దాని అసలు అర్థం గాయపరచడం. సాక్షి విశ్వసనీయతను గాయపరచడం అనే అర్థంలో అది న్యాయం మాటైంది. చదివిన రోజున కాసేపు అలా కూర్చుండిపోయాను. వంటింట్లోంచి వినబడే మాటలో ఇంత పాత గాయం ఉందని అనుకోలేదు.

అయితే అరబీలో ఆ మాట ఒంటరిగా లేదు. ప్రవక్త మాటలను చెప్పుకుంటూ వచ్చిన వాళ్ళలో ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మకూడదు అని తేల్చే ఒక శాస్త్రం ఉంది. దాని పేరు ‘జర్హ్ వ తాదీల్’. జర్హ్ అంటే చెప్పినవాడిలో లోపం పట్టడం. తాదీల్ అంటే ఇతను నిజాయితీపరుడు, ఇతని మాట నిలుస్తుంది అని చెప్పడం. రెండూ కలిస్తేనే ఆ శాస్త్రం. మన దగ్గరికి వచ్చేసరికి ముందు సగమే వచ్చింది. జేరా అందరికీ తెలుసు. తాదీల్‌కు మన వాడుకలో మాటే లేదు. గాయం చేసే పనికి పేరుంది, ఆ తర్వాత మనిషిని మళ్ళీ నిలబెట్టే పనికి పేరు లేదు. చట్టంలో ఆ పని లేకపోలేదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో అడ్డు ప్రశ్నలయ్యాక, పిలిచిన పక్షం తమ సాక్షిని మళ్ళీ అడిగి చిక్కుముడి విప్పుకోవచ్చు. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అది ఉంది. అమ్మ విషయంలో ఆ మూడు కర్రలూ ఒకటేనని ఒక్క ప్రశ్నతో తేలిపోయేది. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు.

జేరా ఉండకూడదని నేను అనడం లేదు. తప్పుడు కేసులో ఇరుక్కున్నవాడికి అడ్డు ప్రశ్న తప్ప వేరే ఆయుధం లేదు. పగతోనో డబ్బుకోసమో వచ్చి ప్రమాణం చేసి అబద్ధం చెప్పేవాళ్ళను మెత్తగా అడిగితే నిజం రాదు. మా వీధి కేసులో అవతలివాళ్ళ అబ్బాయి నిజంగా నిర్దోషి అయి ఉంటే, ఆ వకీలు రెండు గంటలు అడగడం ఆయన ధర్మం. అందుకే చట్టం సాక్షి మాట మీద నమ్మకాన్ని కదిలించే ప్రశ్నలు వేయనిచ్చింది. అదే చట్టం, అవమానించడానికీ వేధించడానికీ వేసే ప్రశ్నలను కోర్టు ఆపాలని కూడా చెప్పింది. అత్యాచారం కేసుల్లో బాధితురాలి నడవడిక మీద ప్రశ్నలు వేయకూడదని చేర్చడానికి మాత్రం 2002 నాటి సవరణ దాకా పట్టింది. నూట ముప్పై ఏళ్ళు! ఆ నూట ముప్పై ఏళ్ళూ ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని బోనుల్లో నిలబడి ఏమేం విన్నారో తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇక నిలదీయడం.

రూపాయి బియ్యం రోజులు. ఒడిశాలో 2008లో కిలో రెండు రూపాయలకు ఇచ్చిన బియ్యం 2013లో రూపాయి అయింది. మా పేట డీలరు దగ్గర తూకం ఎప్పుడూ తక్కువే. అందరికీ తెలుసు, అందరూ ఇంటికి వెళ్ళాక తిట్టుకునేవాళ్ళు. ఒకరోజు అమ్మ సంచీ పట్టుకుని పక్క కిరాణా కొట్టుకు వెళ్ళి తూయించింది. రెండున్నర కిలోలు తక్కువ. తిరిగి వచ్చి సంచీ డీలరు బల్ల మీద పెట్టింది. “బాబూ, ఒకపాలి లెగు. లెగిసి మల్లీ తూకమెయ్యి. అందరూ తూస్తారు” అంది. ఆయన కుర్చీలోంచి కదలకుండా ఏదో అన్నాడు. “ఈ రెండున్నర కేజీలూ నీ దగ్గిరున్నాయా, పైవోడి దగ్గిరున్నాయా? అదొక్కటి సెప్పు. నాను ఇంకేటీ అడగను” అంది. క్యూలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే సంచులు బల్ల మీద పెట్టారు. అప్పుడు లేచాడు.

నిలదీయడం అంటే అది. మాట విప్పి చూస్తే నిలువు, నిలుపు, నిలబడు అన్న మాటల కుదురే అందులో కనిపిస్తుంది. కదలకుండా కూర్చున్నవాడిని లేపి నిలబెట్టి అడగడం. తప్పించుకుపోతున్నవాడిని ఆపి అడగడం. అందుకే ఆ మాటకు ఒక దిక్కుంది. కింద ఉన్నవాళ్ళు పైన ఉన్నవాళ్ళను చేసే పని అది. శ్రీకాకుళం నుంచి వచ్చే తెలుగు పేపరు ఏ రోజు తిరగేసినా తెలుస్తుంది: రోడ్డు వేయలేదని ఎమ్మెల్యేను నిలదీసిన గ్రామస్థులు. నీళ్ళు రావడం లేదని అధికారులను నిలదీసిన మహిళలు. ఇందులో అడిగేవాళ్ళ చేతిలో లాఠీ లేదు, ఫైలు లేదు, కుర్చీ లేదు. ఉన్నది ప్రశ్న ఒక్కటే. జేరాలో అడిగేవాడు వెళ్ళమంటేనే జవాబు చెప్పేవాడు వెళ్ళాలి. నిలదీసినప్పుడు పైవాడు కారు ఎక్కి వెళ్ళిపోగలడు. వెళ్ళిపోగలిగి కూడా ఆగి జవాబు చెప్పవలసి రావడమే దాని గెలుపు.

అమ్మ “రెండూ ఒకటేలాగైతాయి?” అన్నది ఇందుకేనని నాకు అర్థమైంది. ఆమె బోనులో నిలబడింది, రేషను కొట్టులో నిలబెట్టింది.

ఇదంతా మాటల గొడవ, దీనికింత అవసరమా అని మా బావ అన్నాడు. అవసరమే అంటాను. ఎందుకంటే ఈ మధ్య పేపర్లలో, టీవీల్లో నిలదీయడం అనే మాట దిక్కు మారిపోతోంది. నిందితుణ్ణి పోలీసులు నిలదీశారట. రోగి బంధువును సిబ్బంది నిలదీశారట. ఫీజు కట్టని పిల్లవాడిని క్లాసులో నిలదీశారట. పిల్లవాడిని నిలదీయడమేమిటి? వాడు ఏ కుర్చీలో కూర్చున్నాడు, ఎవరికి జవాబుదారీ? దాన్ని గద్దించడం అనండి, దబాయించడం అనండి, వేధించడం అనండి. తెలుగులో మాటలకు కరువు లేదు: ఆరా తీయడం, కూపీ లాగడం, గుచ్చి గుచ్చి అడగడం, మూడు చెరువుల నీళ్ళు తాగించడం. ఇంగ్లీషు నుంచి ‘గ్రిల్ చేయడం’ కూడా వచ్చింది. ఇనుప కడ్డీల మీద పెట్టి కాల్చడం అని దాని మొదటి అర్థం. కాల్చడమని తెలిసి వాడితే కనీసం అది ఏం చేస్తోందో దాచదు. బలమున్నవాడు చేసే పనికి బలం లేనివాళ్ళ మాట తగిలిస్తే, ఆ పని ధైర్యంలా కనిపిస్తుంది. బలం లేనివాళ్ళకున్న ఒక్క మాటా అరిగిపోతుంది.

ఇంతకంటే నన్ను బాధపెట్టే మాట ఇంకొకటుంది. “పోలీసులు తమదైన శైలిలో ప్రశ్నించగా నిందితుడు నేరం అంగీకరించాడు.” ఈ వాక్యం చదవని తెలుగువాడు ఉండడు. తమదైన శైలి అంటే ఏమిటో కూడా అందరికీ తెలుసు. కొట్టడం. దెబ్బలకు శైలి అని పేరు పెట్టి రోజూ కాఫీతో పాటు చదువుకుంటున్నాం. పోలీసుల దగ్గర ఒప్పుకున్న నేరాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదని 1872 నుంచీ చట్టంలో ఉంది. తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఏ నిందితుణ్ణీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజులో ఉంది. ఇన్ని ఉండగా ఆ వాక్యం ఏ సిగ్గూ లేకుండా అచ్చవుతూనే ఉంది. రాసేవాళ్ళను చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ మాట మానేయండి. కొట్టారని తెలిస్తే కొట్టారని రాయండి. తెలియకపోతే ప్రశ్నించారని రాయండి.

ఈ జేరా గురించి దేశం మొత్తానికి వర్తించే పెద్ద తీర్పు మా ఒడిశా నుంచే వెళ్ళింది. నందినీ శత్పథి 1970లలో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేశారు. పదవి పోయాక, 1977లో, అవినీతి ఆరోపణల మీద ఆమెను కటక్‌లో విజిలెన్స్ పోలీసు స్టేషనుకు పిలిచారు. రాసి తెచ్చిన ప్రశ్నల పెద్ద జాబితా ముందు పెట్టారు. ఆమె జవాబు చెప్పనన్నారు. చెప్పనందుకు ఇంకో కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1978 ఏప్రిల్‌లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు వచ్చింది. తనను శిక్షకు గురిచేసే ప్రశ్నలకు మౌనంగా ఉండే హక్కు కోర్టు గదిలోనే కాదు, పోలీసు స్టేషనులోనూ ఉందన్నారు. ఆడవాళ్ళను విచారణ పేరుతో స్టేషనుకు రప్పించడం చట్టవిరుద్ధమన్నారు. బలవంతం అంటే కొట్టడం ఒక్కటే కాదని కూడా అన్నారు. మనసును హింసించడం, భయపెట్టే వాతావరణంలో కూర్చోబెట్టడం, మనిషి అలిసిపోయేదాకా ప్రశ్నలు సాగదీయడం, ఇవన్నీ బలవంతం కిందికే వస్తాయన్నారు. శిక్షకు దారితీయని ప్రశ్నలకు జవాబిస్తానని ఆమె ఒప్పుకోవడంతో ఆ కేసు ముగిసింది.

ఆ అలిసిపోయేదాకా సాగదీయడం అన్న చోట నాకు అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఆమె నిందితురాలు కాదు, ఆ తీర్పు ఆమె కోసం రాసింది కాదు. అయినా గుర్తొచ్చాయి. ఒక మాజీ ముఖ్యమంత్రి కాబట్టి ‘చెప్పను’ అనగలిగారు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగారు. అరుగు మీద బియ్యం ఏరుకునే మనిషికి, ఈ ప్రశ్న అర్థం కాలేదు మళ్ళీ అడగండి అనవచ్చని కూడా ఎవరూ చెప్పరు.

నిలదీయడానికి కూడా ఒక చట్టం వచ్చింది, 2005లో. సమాచార హక్కు చట్టం. 30 రోజుల్లో జవాబివ్వాలి అన్నది అందరూ చెప్పుకుంటారు. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. దరఖాస్తు పెట్టినవాడిని ‘నీకిది ఎందుకు?’ అని అడగకూడదు. అడిగినవాడికే జేరా చేయకూడదని చట్టంలో రాసి ఉంది! మా వైపు ఆఫీసుల్లో మొదట ఎదురయ్యేది ఆ ప్రశ్నే. ఎవరు మీరు, ఎక్కడివాళ్ళు, మీకెందుకు. కోరాపుట్ జిల్లాలో కొటియా పంచాయతీ గ్రామాల కోసం రెండు రాష్ట్రాల తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కొండల మీదివాళ్ళను ఆంధ్రా వైపు నుంచి సాలూరు వాళ్ళు, ఒడిశా వైపు నుంచి పొట్టంగి వాళ్ళు అడుగుతూనే ఉంటారు, మీరు ఎవరివాళ్ళు అని. సరిహద్దులో బతికేవాళ్ళకు జేరా కోర్టుతో మొదలవదు.

అన్నట్టు సవాలు అనే మాట కూడా చూడండి. అదీ అరబీ నుంచి వచ్చిందే, దాని అర్థం ప్రశ్న. హిందీలో, మరాఠీలో ఇప్పటికీ ప్రశ్నే. తెలుగులోకి వచ్చి రా చూసుకుందాం అనడమైపోయింది. ప్రశ్న అడిగితే తగువుకు వచ్చినట్టే అనుకునే అలవాటు మనలో ఎంత లోతుకు పోయిందో ఆ ఒక్క మాట చెప్తుంది.

గాయపరచని, నిలదీయని అడగడం ఒకటి మా ఊళ్ళోనే జరిగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880 నుంచి పర్లాకిమిడి రాజావారి బడిలో మేష్టారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని అడిగి అడిగి నేర్చుకున్నారు. దీన్నేమంటారు, ఇదెలా పలకాలి, మళ్ళీ ఒకసారి చెప్పు. చదువుకున్న పంతులు, ఆ రోజుల్లో ఎవరూ మనిషిగా లెక్కచేయని కొండ మనిషిని ఏళ్ళ తరబడి ప్రశ్నలు అడిగారు. అక్కడ తెలియనివాడు పంతులుగారు. తప్పు పలికితే దిద్దేది ఆ సవర మనిషి. ఆ ప్రశ్నల్లోంచి సవర భాషకు వ్యాకరణం వచ్చింది, నిఘంటువు వచ్చింది. దీనికి తెలుగులో ప్రత్యేకంగా మాటేమీ లేదు. అడగడం, అంతే.

ఇవన్నీ రాసి అమ్మకు చదివి వినిపించాను. గాయం అన్న అర్థం దగ్గర ఏమీ అనలేదు. గిడుగువారి దగ్గర “మా తాత సెప్పీవోడు ఆయన సంగతి” అంది. బోనులో కావాలంటే కూర్చోవడానికి కుర్చీ ఇమ్మని జడ్జిగారిని అడగవచ్చని చెప్పినప్పుడు మాత్రం చదవడం ఆపించింది.

“అడగొచ్చా?”

“అడగొచ్చమ్మా.”

“అప్పుడెవులూ సెప్పనేదు.” కాసేపు మోకాలు రాసుకుంటూ కూర్చుంది. మళ్ళీ ఎప్పుడైనా పిలిస్తే వెళ్తావా అన్నాను.

“పిలిస్తే ఎల్లాలి గదా. నాను తూసింది నానే సెప్పాలి. ఈపాలి ముందు కుర్సీ అడుగుతాను.”